సరౌండ్ రీమిక్స్ తేలిపోయిందా? తప్పు మిక్స్‌దా, మీ సెట్‌దా?

పాత రాక్ పాటకి 5.1 మిక్స్ (ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్) వస్తే రెండు నిమిషాలు విని 'పాడుచేశారు' అనేయడం మామూలే. నేనూ అన్నాను. తీరా చూస్తే వెనక స్పీకర్లలో ఒకదానికి నేనే ప్లస్, మైనస్ వైర్లు తారుమారు చేశాను. వెనక నుంచి బేస్ పోయి, ఆర్గన్ ఎటునుంచి వస్తోందో తెలియకుండా పోయింది.

గొంతు వెనకబడింది, గిటార్లు మీద పడుతున్నాయి

సెంటర్ స్పీకర్‌కి చెవి ఆనించండి. గొంతు అక్కడ్నుంచే వస్తుంటే లెవెల్ తక్కువైందన్నమాట. రిసీవర్‌లో (స్పీకర్లన్నీ కలిపే ఆంప్లిఫైయర్ పెట్టె) టెస్ట్ టోన్ పెట్టి, మీరు కూర్చునే చోట అన్ని స్పీకర్లూ ఒకే లెవెల్లో వినిపించేలా సరిచేయండి. అసలేమీ రాకపోతే కంగారు పడకండి. 1970ల నాటి క్వాడ్ మిక్సులకి నాలుగే ఛానెళ్లు, సెంటర్ ఉండదు, సబ్‌వూఫర్‌కి విడి ఛానెలూ ఉండదు. పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'కి అలన్ పార్సన్స్ చేసిన క్వాడ్ ఒకటి, 2003లో జేమ్స్ గత్రీ చేసిన 5.1 ఒకటి ఉన్నాయి. మీరు వింటున్నది ఏదో ముందు చూసుకోండి. సెంటర్ లేని మిక్స్ అయితే రెండు ముందు స్పీకర్లకీ సమాన దూరంలో కూర్చోవాలి, పక్కకి జరిగితే గొంతు కూడా అటే జారిపోతుంది.

వెనక స్పీకర్లు మూగబోయాయి, లేదా అన్నిట్లో ఒకటే మోత

మూగబోతే రిసీవర్ డిస్‌ప్లే చూడండి. స్టీరియో అని ఉంటే ప్లేయరో టీవీయో ఆరు ఛానెళ్లనీ రెండుగా కుదించేసింది. ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే కలిపి, ఆడియో సెట్టింగ్‌లో మల్టీఛానెల్ ఎంచుకోండి. అన్నిట్లో ఒకటే వస్తుంటే 'హాల్', 'స్టేడియం' లాంటి మోడ్ ఆన్‌లో ఉంది, తీసేయండి.

డ్రమ్స్‌లో దమ్ము లేదు

చిన్న స్పీకర్లని మెనూలో 'లార్జ్' అని పెట్టి ఉంటారు. 'స్మాల్' చేసి, క్రాసోవర్ (దానికంటే కింది బేస్ సబ్‌వూఫర్‌కి వెళ్లే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి.

అన్నీ సరే, ఇంకా నచ్చట్లేదు

స్టీరియోతో పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానం చేయండి, లేకపోతే గట్టిగా మోగేదే బాగున్నట్టనిపిస్తుంది. తర్వాత ముందు స్పీకర్లు ఆపి వెనకవి మాత్రమే వినండి. ఉత్త ప్రతిధ్వనే ఉంటే మిక్స్ చేసినవాళ్లు భయపడ్డారని నా లెక్క.

పాట చివర్లో గిటార్‌కి ఉన్న ఆ ఊగిసలాట ఏమైంది అనిపిస్తే, అది మీ సెట్ తప్పు కాదు. అలాంటి ఎఫెక్టులు చాలావరకు అప్పట్లో స్టీరియో మిక్స్ చేస్తున్నప్పుడే వేసేవారు. గొంతు, వాద్యాలు విడివిడిగా రికార్డయిన మల్టీట్రాక్ టేపులో అవి ఉండవు, రీమిక్స్‌లో మళ్లీ చేతితో చేసుకోవాల్సిందే. దీనికి ఏ సెట్టింగూ పనిచేయదు.