లోడు లారీతో ఘాట్ ఎక్కడం ఎలా? ముందు మీ ఇంజిన్ సంగతి తెలుసుకోండి

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్‌లో ఒక లోడు లారీ మెల్లగానైనా ఆగకుండా ఎక్కేస్తుంది. అంతే బరువున్న ఇంకో బండి నల్లపొగ కక్కుతూ మలుపు మధ్యలో గేరు కోసం తడుముకుంటుంది. చాలాసార్లు ఇంజిన్ తప్పేమీ ఉండదు. అది ఏ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) బాగా లాగుతుందో నడిపేవాళ్లకు తెలియాలి, అంతే.

1. ఎంత వేగం సాధ్యమో ముందే లెక్క వేసుకోండి. 28.5 టన్నుల పది టైర్ల లారీ, 100 మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్లతో ఎక్కాలంటే ఆ బరువును పైకి లేపడానికే చక్రాల దగ్గర 100 హార్స్‌పవర్ పైగా కావాలి. 30తో అయితే 150 దాటుతుంది. టైర్ల రాపిడి దీనికి అదనం. కాబట్టి 250 హార్స్‌పవర్ బండి దాటేసి పోతుంటే 180 బండితో పోటీకి దిగొద్దు.

2. మీ ఇంజిన్ పుల్లింగ్ ఎక్కడుందో చూడండి. అసలు విషయం ఇదే. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) లేని పాత ఇంజిన్‌ను ఆర్‌పీఎం కాస్త ఎక్కువలోనే ఉంచాలి, ఆర్‌పీఎం ముల్లు పడిందంటే మళ్లీ లేవదు. పైగా వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి సుమారు పదో వంతు పలచబడుతుంది, ఆ మేరకు బలమూ తగ్గుతుంది. టర్బో ఉంటే ఈ బాధ తక్కువ. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్ల (ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో ఉంచిన డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మేవి) తీరు వేరు. టాటా లారీల్లో వచ్చే 6.7 లీటర్ల కమిన్స్ 950 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, 1000 నుంచి 1800 ఆర్‌పీఎం దాకా ఇస్తుంది. 1500కే భయపడి గేరు దించడం డీజిల్ దండగ. 12.8 లీటర్ల వోల్వో డి13 టార్క్ అంతకు రెట్టింపు పైనే, అందుకే అదే లోడుతో పై గేరులోనే ఎక్కేస్తుంది.

3. ఎక్కుడు మొదలయ్యేలోపే గేరు దించండి. క్లచ్ తొక్కిన ఆ ఒకటి రెండు సెకన్లలో బండి వేగం పడిపోతుంది, టర్బో ఒత్తిడీ తగ్గుతుంది. కామన్ రైల్ బండి అయినా ముల్లు 1200 కిందకు జారకముందే మార్చేయండి.

4. టెంపరేచర్ ముల్లు లేస్తుంటే యాక్సిలరేటర్ కొంచెం వదిలి ఒక గేరు దించండి. ఆర్‌పీఎం పెరిగితే నీళ్ల పంపు, ఫ్యాన్ వేగంగా తిరుగుతాయి. ఆగాల్సి వస్తే రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయొద్దు.

5. పైకి చేరాక ఆపేట్టయితే రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, టర్బో చల్లబడాలి.

6. దిగేటప్పుడు ఎక్కిన గేరే, ఇంకా నిటారుగా ఉంటే ఒకటి తక్కువే వాడండి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ గొట్టాన్ని మూసి ఇంజిన్‌తోనే బండిని ఆపేది) గట్టిగా పట్టేది ఆర్‌పీఎం ఎక్కువున్నప్పుడే కాబట్టి ముల్లును ఎర్ర గీత దాటనివ్వకుండా పైనే ఉంచండి.