సగటు తీసే ముందు ఒక్క మాట
ఊళ్లో సర్వేకు వెళ్లే డిగ్రీ పిల్లలకు ఒక చిట్కా. నల్లగొండ పక్క పల్లెలో ఐదుగురు రైతుల భూమి 1, 2, 2, 3, 42 ఎకరాలు అనుకోండి. సగటు 10 వస్తుంది. కానీ పదెకరాల రైతు అక్కడ ఒక్కరూ లేరు! వరుసలో పెట్టి నడిమి అంకె చూడండి: 2. ఊరి పరిస్థితి చెప్పేది ఆ మధ్యగతమే. 42 ఎకరాల బత్తాయి తోట రేపు 80 అయినా ఆ మధ్యగతం కదలదు.

పంట పేర్లకైతే బాహుళకమే, అంటే ఎక్కువమంది చెప్పింది. పత్తికి 1, వరికి 2, బత్తాయికి 3 అని ఎక్సెల్‌లో కోడ్ ఇచ్చి సగటు మాత్రం తీయకండి. సగం పత్తి, సగం బత్తాయి ఉన్న ఊళ్లో కూడా అందరూ వరి వేసినట్టు వస్తుంది. 'బాగుంది, ఫర్వాలేదు, బాగోలేదు' లాంటి జవాబులకు ఒక వరుస ఉంది కాబట్టి మధ్యగతం పనికొస్తుంది. పిల్లల ఎత్తు లాంటివాటిలో ఆ 42లా మరీ దూరంగా ఉండే అంకెలు సాధారణంగా రావు కాబట్టి, సగటును టెన్షన్ లేకుండా వాడుకోవచ్చు.