సెకండ్ హ్యాండ్ ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, 4 డీజిల్: కొనేముందు లక్షణాన్ని బట్టి రోగం పట్టడం

డిస్కవరీ 3 (2004–2009), డిస్కవరీ 4 (2009–2016) సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొత్త ధరతో పోలిస్తే దాదాపు తుక్కు రేటుకే దొరుకుతాయి. చవకకు కారణం పేరు చెడడం. ఆ పేరులో సగం నిజం. మిగతా సగం నాసిరకం బ్యాటరీలు, ఐదారు వందల రూపాయల స్విచ్చులు తెచ్చిపెట్టిన అపవాదు.

ఈ బండి విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. మీటర్లో ఎర్రలైట్లు వేసి అల్లరి చేసే సమస్యలు చాలావరకు చవకగా తీరేవే. ఇంజిన్ను చంపే రోగాలు మాత్రం ఏ లైటూ వేయవు, ఏ చప్పుడూ చేయవు. అందుకే అమ్మేవాడు "చిన్న సెన్సర్ ఫాల్ట్ అంతే సార్" అంటే అది నిజమే కావచ్చు. అతను ఏమీ చెప్పని చోటే మీరు ఎక్కువసేపు నిలబడి చూడాలి.

చూడ్డానికి వెళ్లే ముందురోజే ఫోన్ చేసి, రాత్రి నుంచి బండి స్టార్ట్ చేయవద్దని చెప్పండి. టేపు, టార్చి, మల్టీమీటరు, ల్యాండ్ రోవర్ కోడ్లు పూర్తిగా చదవగల స్కానరు వెంట పెట్టుకోండి. మామూలు ఓబీడీ స్కానరు ఇంజిన్ కోడ్లే చూపిస్తుంది. సస్పెన్షన్, పార్కింగ్ బ్రేకు మాడ్యూళ్లు దానికి కనిపించవు.

మీటర్లో ఒక్కసారిగా దీపావళి

లక్షణం: "హెచ్‌డీసీ లేదు", "స్పెషల్ ప్రోగ్రామ్స్ లేవు", "సస్పెన్షన్ ఫాల్ట్", "గేర్‌బాక్స్ ఫాల్ట్" వరసగా వస్తాయి. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మాయమవుతాయి.

ముందు బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 కంటే తక్కువైతే బలహీనం. స్టార్ట్ చేసే క్షణంలో 10 కంటే కిందికి పడితే ఈ బండిలోని కంప్యూటర్లన్నీ ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు రాస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా 14కి అటూ ఇటూ ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటరు చూడాలి.

బ్యాటరీ బాగుంటే తరవాతి అనుమానం బ్రేక్ పెడల్ పైనున్న బ్రేక్ లైటు స్విచ్చు. దాని లోపలి పాయింట్లు అరిగితే పెడల్ నొక్కిందో లేదో అని ఒక మాడ్యూలు ఒకలా, ఇంకోటి ఇంకోలా అనుకుంటాయి. దాంతో కొండ దిగేటప్పుడు వేగాన్ని పట్టి ఉంచే హెచ్‌డీసీ, నేలను బట్టి బండి తీరు మార్చే టెర్రెయిన్ రెస్పాన్స్ (మీటర్లో "స్పెషల్ ప్రోగ్రామ్స్" అంటే ఇదే), సస్పెన్షన్ మూడూ చేతులెత్తేస్తాయి. కొత్త స్విచ్చు వేసేటప్పుడు పెడల్ తొక్కకూడదు. అది తనంతట తాను సర్దుకునే రకం, ఒకసారి తప్పుగా కూర్చుంటే మళ్లీ ఇదే గోల. ఈ ఒక్క స్విచ్చు తెలియక గేర్‌బాక్స్ విప్పించుకున్నవాళ్లు ఉన్నారు. మీ బేరానికి మాత్రం ఇది మంచి అవకాశం: కోడ్లు చదివించి, ఇదే కారణమని తేలితే భయం నటించి ధర తగ్గించుకోండి.

పొద్దున బండి కూర్చుని ఉండడం

ఈ బండిని మామూలు స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలిపేది ఎయిర్ సస్పెన్షన్. దానిలో లీకు ఉందంటే ఏదో ఒక మూల పడి ఉంటుందని అనుకుంటాం. ఇందులో అలా కాదు. ఆగి ఉన్నప్పుడు కూడా కంట్రోల్ యూనిట్ అప్పుడప్పుడు నిద్ర లేచి, మిగతా మూలలను కూడా తక్కువగా ఉన్న మూల స్థాయికి దించేస్తుంది. పొద్దునకు నాలుగూ సమానంగా కూర్చుంటాయి, లీకు ఎక్కడుందో తెలియదు.

పట్టే పద్ధతి: సాయంత్రం బండి ఆపాక సస్పెన్షన్ కంట్రోల్ యూనిట్ ఫ్యూజు తీసేయండి. చక్రం నడిమధ్య నుంచి పైనున్న ఆర్చి అంచు వరకు నాలుగు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. పొద్దున మళ్లీ కొలవండి. ఒక్క మూల దిగితే ఆ ఎయిర్ స్ప్రింగు, దాని పైపు జాయింటు, లేదా గాలిని మూలలకు పంచే వాల్వ్ బ్లాకులో ఆ మూలకు వెళ్లే వాల్వు. ముందు రెండూ కలిసి దిగితే ముందరి వాల్వ్ బ్లాకుపై అనుమానం. స్ప్రేలో సబ్బు నీళ్లు నింపి జాయింట్ల మీద కొడితే బుడగలు జాగా చూపిస్తాయి.

కంప్రెసరు పరీక్ష వేరు. ఇంజిన్ నడుస్తుండగా నార్మల్ నుంచి ఆఫ్‌రోడ్ ఎత్తుకు లేపండి. ఆ ఎత్తులో బండి కింద 240 మిల్లీమీటర్ల జాగా ఉండాలి. దించి, మళ్లీ లేపండి. రెండు మూడు సార్లకే "నార్మల్ ఎత్తు మాత్రమే" అని వచ్చి, స్కానరులో సీ1ఏ20 కోడు ఉంటే గాలి నిండడం నెమ్మదించిందని అర్థం. లీకులు లేవని తేల్చుకున్నాక కంప్రెసరు మార్చుకోవాల్సిందే.

డిస్కవరీ 3లో వచ్చిన హిటాచీ కంప్రెసరు ఎడమ వెనక చక్రానికి ముందు, బండి అడుగున ఉంటుంది. బురద, నీళ్లు దానికి శత్రువులు. పిస్టన్ రింగు అరగడం ఒక దెబ్బ. గాలిలోని తేమ పీల్చే డ్రయ్యరులోని గింజలు పొడై వాల్వ్ బ్లాకుల్లోకి పోవడం ఇంకో దెబ్బ. కంప్రెసరు మార్చి డ్రయ్యరు పాతదే ఉంచితే కొన్నాళ్లకే వాల్వులు పోతాయి. దాని బదులు ఏఎంకే కంప్రెసరు వేస్తే కంట్రోల్ యూనిట్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, లేకపోతే ఫాల్టులు ఆగవు. కంప్రెసరుతో పాటు రిలే కూడా మార్చండి. రిలే అతుక్కుపోతే కంప్రెసరు ఆగకుండా తిరిగి కాలిపోతుంది.

అమ్మేవాడు ఎయిర్ తీసేసి కాయిల్ స్ప్రింగులు వేయించి ఉంటే "సమస్య లేకుండా చేశాం" అంటాడు. ఆఫ్‌రోడ్ ఎత్తు పోయిందంటే ఈ బండి కొనడానికి ఉన్న సగం కారణం పోయినట్టే.

పార్కింగ్ బ్రేకు వేస్తే కీచుమని అరవడం

స్విచ్చు లాగగానే వెనక నుంచి గొంతు నులిమినట్టు కీచు శబ్దం, తరవాత పసుపు లైటు. వెనక డిస్కుల లోపల చిన్న డ్రమ్ము, దానిలో షూలు ఉంటాయి. షూలు అరిగినా, బురద చేరినా, సర్దుబాటు వదిలేసినా కేబుళ్లను లాగే మోటారు తన దారి చివరికంటా పోయి ఇరుక్కుంటుంది. మోటారు చెడితే ఖర్చు పెద్దది. చెడకముందు పట్టుకుంటే ఒక పూట పని.

డిస్కులు విప్పి, దుమ్ము బ్రష్‌తో తీసి, షూలు అరిగితే మార్చాలి. డిస్కు మీది రంధ్రంలోంచి స్క్రూడ్రైవరుతో పళ్ల చక్రాన్ని తిప్పి, డిస్కు తిరగనంత బిగించి, ఎక్కడా రాసుకోకుండా తిరిగేంత వరకు వెనక్కి వదలాలి. రెండు వైపులా ఒకే లెక్క పళ్లు వదలాలి. బురదలో, వాగుల్లో తిరిగే బండికి ఈ పని ఏటా చేయాలి. ఈ బండి 700 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడిచేలా చేసిందే, కానీ ఆ డ్రమ్ముల్లో చేరిన మట్టి తనంతట తాను బయటికి పోదు.

స్పీడ్ బ్రేకర్ మీద ముందు నుంచి టకటక

నూటికి తొంభై పాళ్లు ముందరి లోయర్ ఆర్మ్ బుష్షులు, అంటే చక్రాన్ని పట్టే కింది కడ్డీకి ఉండే రబ్బరు కీళ్లు. రెండున్నర టన్నుల బండి, మన గుంతలు. టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, స్టీరింగును ఎడమకు పూర్తిగా తిప్పి లోపల చేయి పెట్టి చూడండి. రిపేరులో ఇబ్బంది బుష్షుతో కాదు, బోల్టుతో. అలైన్‌మెంట్ సరిచేసే ఆ బోల్టులు బుష్షు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి, గ్రైండరుతో కోయాల్సి వస్తుంది. కాబట్టి కొత్త ఆర్మ్‌లతో పాటు కొత్త బోల్టులు, నట్లు కూడా ముందే కొనుక్కుని బండిని షెడ్డుకు పంపండి. అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

తేలికగా తొక్కితే వణుకు, గేరు మారేటప్పుడు కుదుపు

50–80 కి.మీ. వేగంలో యాక్సిలరేటరు కొంచెమే తొక్కినప్పుడు, కంకర రోడ్డు మీద పోతున్నట్టు సన్నని వణుకు వస్తే అది టార్క్ కన్వర్టరు (ఇంజిన్ శక్తిని నూనె ద్వారా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాకప్ జారడం. డిస్కవరీ 3లో ఉన్నది జడ్‌ఎఫ్ ఆరు గేర్ల పెట్టె. నూనె "జీవితాంతం" చాలని బండి కంపెనీ చెప్పింది. గేర్‌బాక్స్ తయారు చేసిన జడ్‌ఎఫ్ మాత్రం 80,000–1,20,000 కి.మీ. మధ్య మార్చమంటుంది. ఎవరి మాట వినాలో గేర్‌బాక్స్ బిల్లు కట్టేవాళ్లకు తెలుస్తుంది.

ఫిల్టరు ప్లాస్టిక్ సంపులోనే (గేర్‌బాక్స్ అడుగున నూనె నిలిచే తొట్టి) కలిసి ఉంటుంది. సంపు వంగి నూనె కారడం మామూలే. సంపు మార్చేటప్పుడే మెకట్రానిక్ (గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్) కనెక్టరు స్లీవు సీలు కూడా మార్చించండి. నూనె జడ్‌ఎఫ్ లైఫ్‌గార్డ్ 6 లేదా అదే స్పెసిఫికేషన్‌ది. మట్టం చూసేది ఇంజిన్ నడుస్తుండగా, నూనె 30–50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు మాత్రమే. చల్లటి పెట్టెలో కొలిచి మూత బిగిస్తే లీటరు తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. వణుకు కొత్తగా మొదలైతే నూనె మార్పుతో తగ్గే అవకాశం ఉంది. రెండో మూడో గేరులో ఇంజిన్ ఒక్కసారిగా ఎగిసి, బండి కదలకపోతే అది నూనెతో తగ్గే దశ దాటిపోయింది.

బురద, ఏటవాలు దారుల్లో వాడే నెమ్మది గేర్లు, అంటే లో రేంజి కూడా అప్పుడే చూడండి. ఆగి, న్యూట్రల్లో పెట్టి మార్చాలి. గుర్తు మెరుస్తూ ఉండిపోతే లోపం ఆ రేంజి మార్చే ట్రాన్స్‌ఫర్ బాక్సు మోటారుది.

లాగుడు తగ్గడం, నల్లపొగ

పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులు మసితో బిగుసుకోవడం, టర్బో నుంచి వచ్చే హోసులు చీలడం, ఈ రెండే ఎక్కువ. గేరు వేసి గట్టిగా తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం ఉంటే హోసు. 3.0 లీటర్ల ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్లే ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డు కూడా చీలుతుంది, ఇంజిన్ పైన నల్లటి మసి పూసినట్టుంటుంది. టర్బోయే పోతే మాత్రం బేరం వదిలేయడం మేలు: చాలా షెడ్లలో దాన్ని చేరడానికి చాసిస్ మీద నుంచి బాడీనే పైకి ఎత్తుతారు.

కాళ్ల కింద కార్పెట్ తడి

సన్‌రూఫ్ నీళ్లు దిగే పైపులు మూసుకుపోతే నీళ్లు ముందు సీట్ల వాళ్లు కాళ్లు పెట్టే చోటికి వస్తాయి. గ్లవ్ బాక్స్ వెనక ఫ్యూజు బాక్సు ఉంది, అక్కడ పచ్చటి తుప్పు చేరితే కరెంటు సమస్యలకు అంతుండదు. పైపులు శుభ్రం చేయడం తేలిక, ఫ్యూజు బాక్సు మార్చడం కాదు. అయితే ఈ తడికి ఇంకో కారణం ఉండొచ్చు: వరద. 2015 చెన్నై, 2018 కేరళ, 2020 హైదరాబాద్ వరదల్లో మునిగిన బండ్లు ఆరి, పాలిష్ అయి మార్కెట్లోకి వచ్చాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. అడుగున ఒండ్రు గీత కనిపిస్తే ఇంటికి వెళ్లిపోండి.

ఏ లక్షణమూ లేని రోగం

ఇప్పుడు అసలు విషయం. 2.7, 3.0 లీటర్ల డీజిల్ ఇంజిన్లలో క్రాంక్ షాఫ్టును (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) మోసే బేరింగ్ షెల్లు తిరిగిపోవడం, క్రాంక్ షాఫ్టే విరగడం జరుగుతాయి. చాలాసార్లు ముందు ఏ హెచ్చరికా ఉండదు. బేరింగ్ షెల్లులను కదలకుండా పట్టే నొక్కు లేకపోవడం, ఆయిల్ మార్పు వ్యవధి మరీ పొడవుగా ఉండడం, ఈ రెంటినీ మెకానిక్‌లు కారణాలుగా చూపిస్తారు. బ్రిటన్ లెక్క ప్రకారం 24,000 కి.మీ.కు ఒకసారి ఆయిల్ మార్చిన బండిని, మన ఎండల్లో, ట్రాఫిక్‌లో తిరిగిన దాన్ని నమ్మలేం. 10,000 కి.మీ. లేదా ఏడాదికి ఒకసారి మార్చినట్టు బిల్లులున్న బండిని, ఓడోమీటర్ ఎక్కువ చూపినా సరే, ముందు పెట్టండి.

పరీక్ష ఉంది. ఆయిల్ ఫిల్టరు ఇంజిన్ పైనే ఉంటుంది. అమ్మేవాడు ఒప్పుకుంటే దాన్ని తీసి, మడతలను బ్లేడుతో కోసి తెల్ల కాగితం మీద పరచండి. వెండి, రాగి రంగు మెరుపు పొడి అయస్కాంతానికి అంటుకోకపోతే అది బేరింగ్ లోహం. ఒప్పుకోకపోయినా అది కూడా సమాధానమే. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండిలో ఆయిల్ మట్టం పైగీత దాటి ఉంటే డీజిల్ కలిసిందన్నమాట. సిటీలో చిన్న చిన్న దూరాలకే తిప్పితే ఇలా అవుతుంది. పలచబడిన ఆయిల్‌తో నడిచిన బేరింగుల గురించి ఇక చెప్పేదేముంది.

టైమింగ్ బెల్టు 7 ఏళ్లు లేదా సుమారు 1,68,000 కి.మీ. అన్నది కంపెనీ లెక్క. వయసే ముందు వస్తుంది. "బెల్టు మార్చాం" అంటే ఏ బెల్టు అని అడగండి. ముందరిది క్యామ్‌లను తిప్పేది. వెనక, గేర్‌బాక్స్ వైపు, హై ప్రెషర్ డీజిల్ పంపును తిప్పే ఇంకో బెల్టు ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. 2.7 తొలి బండ్లలో బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరును బిగించే, ఆయిల్ పంపు పోతలోని చెవి విరిగి బెల్టు జారిపోయేది, తరవాత ఆ చోట మందం పెంచిన పంపు వచ్చింది. పాత 2.7కు బెల్టు మారుస్తుంటే కొత్త రకం ఆయిల్ పంపు, వాటర్ పంపు అదే పనిలో అయిపోవాలి. రెండు బెల్టుల బిల్లులు చూపించకపోతే అవి మారలేదనే లెక్కకట్టి ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

కాగితాలు

ఢిల్లీ చుట్టుపక్కల పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడి డిస్కవరీలు మన దగ్గర కంటే చవక. వాటికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, ఇక్కడ లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి, పదిహేనేళ్లకు దగ్గరైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఫిట్‌నెస్ ఖర్చూ ఉంది. ఆర్‌సీ మీద హైపోథికేషన్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. ఛాసిస్ నంబరు విండ్‌షీల్డు మూలలోది, ఛాసిస్ మీద చెక్కింది, స్కానరు ఇంజిన్ కంప్యూటరులోంచి చదివింది మూడూ ఒకటేనా చూడండి. మూడోది తేడాగా ఉంటే ఇంజిన్ కంప్యూటరు వేరే బండిది. ఎందుకు మార్చారో బిల్లుతో సహా చెప్పమనండి.