బ్యాక్‌లింకులు కొనొద్దు, ఇలా సంపాదించండి

గుంటూరులో కారం, పచ్చళ్లు అమ్మే మా బాబాయి సైటు కోసం ఒకప్పుడు నేనే డబ్బులిచ్చి ఐదు వందల బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మన సైటుకి వచ్చే లింకులు, కొన్నాను. తీరా చూస్తే అవన్నీ పేకాట సైట్లు, మనిషన్నవాడు చదవని పేజీలు, గూగుల్‌లో ర్యాంకు ఒక్క మెట్టు కూడా కదల్లేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మిర్చి యార్డులో కొత్త వ్యాపారికి అరువు పుట్టాలంటే పాతకాపు ఒకరు 'మనోడే, ఇవ్వండి' అనాలి కదా, లింకు కూడా అలాంటి మాటే. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఎన్ని లింకులు ఉన్నాయన్నదే కాదు, ఎవరు ఇచ్చారన్నది కూడా లెక్కే. కొన్న లింకులతో పైకొచ్చిన సైట్లను 2012 ఏప్రిల్‌లో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ కిందికి దించింది, 2016లో అది గూగుల్ ర్యాంకులు లెక్కగట్టే అసలు అల్గారిథంలోనే కలిసిపోయింది.

ముందు లింకు ఇవ్వదగ్గ పేజీ ఒకటి తయారు చేయండి. 'మా కారం స్వచ్ఛమైనది, కొనండి' అనే పేజీకి ఎవరు ఇస్తారు, ఎందుకిస్తారు? మేము ఏ మిరపకాయ దేనికి పనికొస్తుందో రాశాం: ఘాటుకి తేజ, రంగుకి బ్యాడిగి, రెండూ కలిపితే కూర ఎలా ఉంటుంది, ఎండు కాయలు బూజు పట్టకుండా ఎలా దాచుకోవాలి, అన్నీ. ఫొటోలు పొద్దున్నే యార్డుకి వెళ్లి మేమే తీశాం. వంటల గురించి రాసేవాళ్లకి అలాంటి పేజీ నిజంగా అవసరం, అడగకుండానే కొందరు లింకు ఇచ్చారు.

తర్వాత మీకు తెలిసినవాళ్లను అడగండి. సీసాలు సప్లై చేసే విజయవాడ ఆటోనగర్ కంపెనీ, మీరు సభ్యులుగా ఉన్న వ్యాపార సంఘం, మీ సరుకు అమ్మే షాపులు, వీళ్ల సైట్లలో మీ పేరుంటే లింకు కూడా ఉండాలి. మీ షాపు పేరు కొటేషన్ మార్కుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి, పేరు రాసి లింకు మర్చిపోయినవాళ్లు దొరుకుతారు. మెయిల్ నాలుగు లైన్లు చాలు, వాళ్ల పేజీలో ఏ చోట, మన పేజీ ఏది, చదివేవాళ్లకి ఏం ఉపయోగం అన్నది రాయండి. అందరికీ ఒకే మెయిల్ కొట్టకండి, చూడగానే తెలిసిపోతుంది. లింకు మీద ఏ మాట పెట్టాలో వాళ్లకే వదిలేయండి, ప్రతిచోటా 'గుంటూరు కారం ఆన్‌లైన్' అనే ఉంటే అనుమానమొస్తుంది.

పత్రికల సైట్లు లింకుకి నోఫాలో (ర్యాంకు లెక్కలో ఈ లింకును పట్టించుకోవద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) పెడితే టెన్షన్ పడొద్దు, అది చదివి వచ్చే మనుషులు కొనేవాళ్లే. డబ్బులిచ్చి వేయించిన ప్రకటనైతే మాత్రం ఆ లింకుకి స్పాన్సర్డ్ ట్యాగ్, అంటే ఇది డబ్బులిచ్చిన లింకని గూగుల్‌కి చెప్పే గుర్తు, పెట్టించండి.

మన సైటు గూగుల్‌లో ఎలా ఉందో చూపించే గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ ఉచితం, అందులో లింక్స్ రిపోర్టు నెలకోసారి చూడండి. లింకులున్న పాత పేజీని తీసేస్తే దాని అడ్రసును కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ చేయండి (పాత అడ్రసుకి వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు), మేము సైటు డిజైన్ మార్చినప్పుడు ఇది మర్చిపోయి మంచి లింకులు రెండు పోగొట్టుకున్నాం.