స్పోర్ట్స్ క్విజ్ పెడుతున్నారా? ప్రశ్నలు ఇలా తయారు చేస్కోండి

ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, నేషనల్ స్పోర్ట్స్ డే కదా, ఆ రోజు మా అపార్ట్‌మెంట్ పిల్లలకి స్పోర్ట్స్ క్విజ్ నేనే పెడుతుంటాను, ఐదారేళ్లుగా. ఈ మధ్య పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు, ఒకరిద్దరు టీచర్లు కూడా ప్రశ్నలు ఎక్కడ పట్టుకొస్తారండీ అని అడుగుతున్నారు, అందుకే నేను చేసే పద్ధతి మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా.

ముందు ఒక మాట. ఫలానా బ్యాట్స్‌మన్ మొత్తం ఎన్ని సెంచరీలు కొట్టాడు లాంటి ప్రశ్నలు వద్దు. తెలిసిన పిల్లాడు టక్కున చెప్పేస్తాడు, తెలియని వాడు బిక్కమొహం వేస్కుని కూర్చుంటాడు, అక్కడితో అయిపోయింది. ప్రశ్న చదవగానే నాలుగు తలకాయలు దగ్గరకొచ్చి గుసగుసలాడాలి, జవాబు చెప్పాక వెనక కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లు కూడా "అవునా!" అనాలి. అలా జరగాలంటే ఆ విషయం వెనకాల ఒక "ఎందుకు" ఉండాలి, నేను ప్రశ్న ఎంచుకునేటప్పుడు ముందు చూసేది అదే.

మొదలుపెట్టడం ఎప్పుడూ చేతికి దొరికే వస్తువుతో పెట్టండి. క్రికెట్ పిచ్ తీస్కోండి, వికెట్ల మధ్య 22 గజాలు అని అందరికీ తెలుసు, మరి 20 కాదు 25 కాదు 22 ఎందుకు? ఎందుకంటే అది సర్వేయర్ల గొలుసు పొడవు, ఇంగ్లండ్‌లో పొలాలు కొలిచే గొలుసు, 66 అడుగులు, 1744లో రాసిన క్రికెట్ రూల్స్‌లోనే ఈ కొలత ఉంది. ఇప్పుడు దీన్ని మన వైపు తిప్పండి. పిచ్ పొడవు ఒక పక్క, అంతే పొడవు ఇంకో పక్క పెట్టి నలుచదరంగా గీస్తే ఎన్ని సెంట్ల స్థలం వస్తుంది? 66 ఇంటూ 66 అంటే 4356 చదరపు అడుగులు, సెంటుకి 435.6, అంటే సరిగ్గా 10 సెంట్లు! ఎకరం లెక్కకి సరిపోయేలా ఆ గొలుసు పొడవు ఉంటుంది, సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, కాబట్టి అలా కుదిరింది. ఈ ప్రశ్న అడిగినప్పుడు మా వాచ్‌మన్ తాతగారు, ఊళ్లో భూములు కొలిచేటప్పుడు గొలుసు పట్టుకున్న మనిషి, పిల్లలకన్నా ముందు ఆయనే చెప్పేశారు. అలాంటి ప్రశ్న ఒక్కటి పడితే చాలు, హాల్ మొత్తం మీ చేతిలోకి వస్తుంది.

షటిల్ కాక్ కూడా అంతే, ఒకటి తీసి పిల్లల చేతికివ్వండి, ఈకలు లెక్కపెట్టనివ్వండి, 16 ఉంటాయి, బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలని రూల్. మంచి షటిల్‌కి ఈకలన్నీ ఒకే వైపు రెక్క నుంచి తీసినవి వాడతారు, ఎందుకో అడగండి, ఒంపు అన్నిటికీ ఒకేలా ఉంటేనే అది గాల్లో ఒకే వైపు తిరుగుతూ వెళ్తుంది మరి.

తర్వాత స్కోర్‌కార్డులు. నాకు ఎక్కువ ఇష్టమైన పని ఇదే, ఇక్కడ దొరికినన్ని వింతలు ఇంకెక్కడా దొరకవు, కాకపోతే నిదానంగా చదవాలి. ఉదాహరణకి మన హైదరాబాదీ ఎమ్.ఎల్. జయసింహ, 1960లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్ట్, స్కోర్లు చూస్తే 20 నాటౌట్, 74, మామూలుగానే కనిపిస్తాయి. కానీ ఆ మ్యాచ్‌లో ఆయన ఐదు రోజులూ బ్యాటింగ్ చేశాడు, టెస్టుల్లో అలా చేసిన మొదటి మనిషి ఆయనే. ఇది ఎంత కష్టమో పిల్లలకి పలక మీద గీసి చూపించండి: మొదటి రోజు సాయంత్రానికి క్రీజులోకి రావాలి, రెండో రోజు ఇన్నింగ్స్ కొనసాగాలి, అవతలి టీమ్ మూడో రోజు ఆట ముగిసేలోపు ఆలౌట్ అవ్వాలి, ఆ సాయంత్రమే మళ్లీ బ్యాట్ పట్టుకుని దిగాలి, నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవుట్ కాకూడదు, ఐదో రోజు కూడా వచ్చి ఆడాలి. ఆట సాయం చేయాలి, టైమ్ సాయం చేయాలి, మనిషికి ఓపిక ఉండాలి. ఆ తర్వాత మన వాళ్లలో రవిశాస్త్రి, పుజారా కూడా ఇది చేశారు, విచిత్రం ఏంటంటే ముగ్గురూ చేసింది ఈడెన్ గార్డెన్స్‌లోనే. కాబట్టి ప్రశ్న "ఐదు రోజులూ ఆడిన మొదటి ఆటగాడు ఎవరు" అని కాకుండా "20 నాటౌట్, 74 కొట్టిన ఈయన పేరు రికార్డు పుస్తకాల్లో ఎందుకుంది" అని పెట్టండి, అప్పుడు ఆలోచిస్తారు.

అజహరుద్దీన్ స్కోర్లు కూడా ఇలాగే, మొదటి టెస్టులో సెంచరీ, ఆఖరి టెస్టులో సెంచరీ, ఆడింది 99 టెస్టులు, టాప్ స్కోరు 199. లక్ష్మణ్ 134 టెస్టులు ఆడాడు గానీ ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఈ రెండూ నేను ఈజీ ప్రశ్నల్లో పెడతాను.

ఇక ముఖ్యమైనది, సరిచూసుకోవడం. మొదటి ఏడాది నేను "మన జాతీయ క్రీడ ఏది" అని అడిగా, అందరూ హాకీ అన్నారు, ఎనిమిదో క్లాసు అమ్మాయి లేచి "అంకుల్, అలా ఏ ఆటనీ ప్రకటించలేదంట" అంది. ఇంటికెళ్లి చూస్తే నిజమే, 2012లో ఆర్టీఐ కింద అడిగితే ఏ ఆటనీ జాతీయ క్రీడగా నోటిఫై చేయలేదని కేంద్రమే జవాబిచ్చింది. మర్నాడు ఆ అమ్మాయి టీమ్‌కి మార్కులు కలిపాను. అప్పట్నుంచి ఏ విషయమైనా రెండు రకాలుగా తడిమి చూస్తున్నా.

ఒకటి, లెక్క కుదురుతుందా? ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ టెస్ట్ సగటు 99.94, ఆఖరి ఇన్నింగ్స్‌లో 4 కొట్టుంటే 100 అయ్యేది అంటారు, చూడండి, పరుగులు 6996, ఇన్నింగ్స్ 80, అందులో నాటౌట్లు 10, అంటే 70తో భాగించాలి, 7000 అయితే సరిగ్గా 100. కుదిరింది. పెట్టేయొచ్చు.

రెండోది, ఆ తర్వాత ఏం జరిగింది? వాట్సాప్‌లో తిరుగుతుంటుంది చూడండి, 1950 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి మన టీమ్‌ని వట్టి కాళ్లతో ఆడనివ్వలేదని, అందుకే వెళ్లలేదని. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన వాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడిన మాట నిజం, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడిపోయారు. కానీ 1952 హెల్సింకీకి వెళ్లినప్పుడు కూడా ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడారు, యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడాకే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. 1950లో అసలు కారణం బూట్లే అయితే ఆ తర్వాత రెండేళ్లకి కూడా బూట్లు అలవాటు కాకపోవడం ఏంటి? అప్పట్లో ఓడలో అంత దూరం వెళ్లాలి, మన ఫెడరేషన్ వాళ్లకి వరల్డ్ కప్ కన్నా ఒలింపిక్సే పెద్దది, బూట్ల మాట ఒక సాకు మాత్రమేనని అప్పటి కెప్టెన్ శైలేన్ మన్నా తర్వాత చెప్పాడు కూడా. నేను ఇప్పుడు ఈ కథనే "నిజమా, పుకారా" రౌండ్‌లో పెడతాను, దాని పక్కనే హైదరాబాద్ స్కూల్ టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి ఒకటి, ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ వచ్చాయి. ఆయన పేరు పిల్లలకి తెలియకపోతే నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ప్రశ్న రాసేటప్పుడు "మొదటి", "అతి చిన్న" అనే మాటలు వస్తే ఆగి మళ్లీ చదవండి. "ఇండియాకి మొదటి ఒలింపిక్ మెడల్ ఎవరు తెచ్చారు" అంటే గొడవే, 1900లో నార్మన్ ప్రిచర్డ్ అని ఒకరు, 1952లో కె.డి. జాదవ్ అని ఒకరు అంటారు, "స్వతంత్రం వచ్చాక మొదటి వ్యక్తిగత మెడల్" అని రాస్తే జాదవ్ ఒక్కడే జవాబు. కోనేరు హంపి 2002లో చెస్ గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు ఆడవాళ్లలో ప్రపంచంలోనే అతి చిన్న వయసు, తర్వాత ఆ రికార్డు మారింది, కాబట్టి సంవత్సరం తప్పకుండా రాయాలి.

ఒక్కో ప్రశ్నకి రెండు క్లూలు రెడీగా పెట్టుకోండి, క్లూ లేకుండా చెప్తే 10, ఒక క్లూకి 7, రెండోదానికి 4. ఆఖరి ప్రశ్నకి మాత్రం నేను సామాను తెస్తాను, పక్క షాపు నుంచి 25 కేజీల బియ్యం బస్తాలు ఐదు, పైన సగం బస్తా. మొత్తం 137.5 కేజీలు. సిడ్నీ, 2000 సెప్టెంబర్, ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన మొదటిసారి, మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి అప్పటికే మొదటి పద్ధతిలో (స్నాచ్) 110, రెండో పద్ధతిలో (క్లీన్ అండ్ జర్క్) 130 కేజీలు ఎత్తేసింది, రెండూ కలిపే లెక్క, మెడల్ ఖాయం. ఆఖరి ప్రయత్నానికి ఈ బరువు పెట్టించుకుంది. ఎందుకు? బస్తాలు కళ్లముందు పెట్టి, వాళ్లని ఒకసారి కదిలించి చూడమని, అప్పుడు అడగండి. ఎత్తి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, గోల్డ్ వెళ్లింది 242.5కే.