ఓడిపోతున్న టీమ్ చేతికొచ్చిందా? ఆట తీరు మార్చే ముందు ఇవి చూసుకోండి

వరసగా ఓడిపోతున్న ఫుట్‌బాల్ టీమ్‌ని తెచ్చి చేతిలో పెట్టి "ఇక మీదే భారం" అన్నారంటే, ఏ కొత్త కోచ్‌కైనా ముందు బోర్డు దగ్గరికెళ్లి గీతలు గీయాలనే అనిపిస్తుంది. 4-4-2 (వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు) తీసేద్దాం, 3-4-3 పెడదాం, లాంగ్ బాల్స్ (వెనక నుంచి ముందుకు దూరంగా కొట్టే బంతులు) బంద్, గోల్‌కీపర్ దగ్గర్నుంచే చిన్న చిన్న పాస్‌లు, పైకెళ్లి ప్రెస్సింగ్, అంటే బంతి ఉన్నవాడి మీద పడిపోవడం. మొదటిసారి నేనూ సరిగ్గా అదే చేశాను, అన్నీ ఒకే వారంలో. నాలుగో మ్యాచ్‌కి వచ్చేసరికి మా లెఫ్ట్ బ్యాక్ బంతి కాలికి తగలగానే ఆగిపోయి టచ్‌లైన్ దగ్గరున్న నా వైపు చూడటం మొదలుపెట్టాడు, ఇప్పుడేం చెయ్యమంటారు సార్ అన్నట్టు. ఆ అర సెకను చాలు. అవతలి వింగర్ వచ్చి బంతి లాక్కుపోయాడు, రెండు పాస్‌ల్లో గోల్ అయిపోయింది. తిట్లన్నీ వాడికి పడ్డాయి కానీ తప్పు నాది.

అప్పట్నుంచి నేను పాటించే వరస ఇది: ముందు బంతి మన దగ్గర లేనప్పటి ఆట సరిచెయ్యాలి, బంతితో ఆడే ఆట ఆ తర్వాత. అదీ ఒక్కో మార్పు చొప్పున, ఒకటి కాళ్లకి అలవాటయ్యాకే ఇంకోటి.

ముందు చూడండి, మార్చకండి

గత ఐదారు మ్యాచ్‌ల వీడియో దొరికితే అదృష్టమే. అందరూ గోల్ పడిన చోట ఆపి డిఫెండర్‌ని తిడతారు, మీరు మాత్రం గోల్‌కి పది పదిహేను సెకన్ల ముందు ఆపండి. బంతి ఎక్కడ పోయింది, పోయినప్పుడు మనవాళ్లు ఒకళ్లకొకళ్లు ఎంత దూరంలో ఉన్నారు, అది చూడండి. కాగితం మీద గ్రౌండ్ బొమ్మ గీసి బంతి పోయిన ప్రతి చోటా ఒక చుక్క పెట్టండి. మా టీమ్‌కి డిఫెన్సే లేదని చూసినవాళ్లందరూ అన్నారు. చుక్కలు పెట్టి చూస్తే చాలావరకు మిడ్‌ఫీల్డ్‌లో కుడివైపు ఒకే చోట గుంపుగా వచ్చాయి. అక్కడ బంతి అందుకున్నవాడికి పాస్ ఇవ్వడానికి దగ్గర్లో ఒక్కడూ లేడు, అంతే జబ్బు. డిఫెన్స్ మార్చి ఉంటే ఇంకో ఐదు మ్యాచ్‌లు పోయేవి.

ఇంకొకటి గమనించండి. ఓడిపోయే టీమ్‌లో ప్లేయర్లు దాక్కుంటారు. గ్రౌండ్ మధ్యలో ఎలా దాక్కుంటారు అనకండి, చాలా తేలిక: ప్రత్యర్థి వెనకాలే నిలబడితే చాలు, పాస్ రాదు, పాస్ రాకపోతే తప్పూ జరగదు. పైగా చెయ్యెత్తి బంతి అడుగుతాడు, చూసేవాళ్లకి కష్టపడుతున్నట్టే కనిపిస్తుంది. ఇది భయం వల్ల వచ్చేది, ఫార్మేషన్ (ఎవరు ఎక్కడ నిలబడాలనే అమరిక) మారిస్తే పోదు. ఒక్కొక్కళ్లతో విడిగా పది నిమిషాలు కూర్చుని, నీకు ఏ చోట ఆడటం ఇష్టం, ఎక్కడ బంతి వస్తే టెన్షన్ వస్తుంది అని అడగండి. రెండో ప్రశ్నకి వచ్చే జవాబులే ఎక్కువ పనికొస్తాయి.

ఉన్నవాళ్లకి సరిపోయే ఆట

2017లో ఫ్రాంక్ డి బూర్ ఇంగ్లండ్ క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్‌కి కోచ్‌గా వచ్చాడు. కిందికి దిగి గట్టిగా కాచుకుని, వేగంగా ఎదురుదాడి చేసే అలవాటున్న టీమ్ అది. ఆయన వెనక ముగ్గురిని పెట్టి, బంతి దగ్గర పెట్టుకుని ఆడమన్నాడు. లీగ్‌లో నాలుగు మ్యాచ్‌లు, నాలుగూ ఓటమి, ఒక్క గోల్ కూడా లేదు, 77 రోజుల్లో ఇంటికి పంపేశారు. తర్వాత వచ్చిన రాయ్ హాడ్జ్‌సన్ కూడా లీగ్‌లో మొదటి మూడూ గోల్ లేకుండానే ఓడాడు, అయినా ఆ ప్లేయర్లకి అలవాటైన ఆటకి తిరిగొచ్చి సీజన్‌ని 11వ స్థానంలో ముగించాడు. డి బూర్ ఆలోచన చెడ్డదని నేను అనను. అదే ఆట నెదర్లాండ్స్ క్లబ్ అజాక్స్‌లో ఆయనకి వరసగా నాలుగు టైటిళ్లు తెచ్చింది. కానీ చిన్నప్పట్నుంచి అలా ఆడి పెరిగిన పిల్లలు వేరు, బతుకు జీవుడా అని లీగ్‌లో నిలబడటానికి ఆడేవాళ్లు వేరు.

వెనక ముగ్గురే నచ్చితే అప్పటి చెల్సీ కోచ్ ఆంటోనియో కాంటే చేసింది చూడండి. 2016 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో చెల్సీ 3-0తో ఓడింది. ఆ మ్యాచ్ సెకండ్ హాఫ్‌లోనే ఆయన ఫార్మేషన్ మార్చాడు, ఆ తర్వాత లీగ్‌లో వరసగా 13 గెలుపులు, చివరికి టైటిల్. ఆ మార్పు కోసం కొత్త మనుషులెవరూ రాలేదు. ఫుల్ బ్యాక్ (పక్కన ఆడే డిఫెండర్) అజ్‌పిలిక్వేటాని లోపలికి తెచ్చి ముగ్గురు సెంటర్ బ్యాక్‌లలో (మధ్యలో ఆడే డిఫెండర్లు) ఒకడిగా పెట్టాడు, ఎవరూ పట్టించుకోని వింగర్ విక్టర్ మోజెస్‌కి కుడి గీత మొత్తం అప్పగించాడు. ఇద్దరూ తమకి వచ్చిన పనే చేశారు, కాకపోతే వేరే చోట నిలబడి. మీరు ఎంచుకున్న ఆటలో ప్లేయర్లకి రాని పనులు మూడు దాటుతున్నాయా? అయితే ఆ ఆట మీ టీమ్‌ది కాదు, మీ ఊహల్లోది.

దూరాలు సరిచెయ్యడం

అసలు పని ఇక్కడే, ఎక్కువ రోజులు దీనికే పోతాయి, పోనివ్వండి.

పెద్ద మ్యాచ్‌లు జరిగే గ్రౌండ్ మామూలుగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. పదిమంది దాన్నంతా కాయలేరు. 1987లో ఇటలీ క్లబ్ మిలాన్‌కి కోచ్‌గా వచ్చిన అరిగో సక్కి చెప్పింది ఒకటే: వెనకున్న చివరి డిఫెండర్‌కీ ముందున్న స్ట్రైకర్‌కీ మధ్య దూరం 25 మీటర్లు దాటకూడదు. అలా ఉంటే ఎవరు పరుగెత్తినా దగ్గర్లోనే తోడు దొరుకుతుంది. ఓడిపోయే టీమ్‌ని పైనుంచి చూస్తే ఇది యాభై మీటర్లు కూడా ఉంటుంది, స్ట్రైకర్ ఒక్కడే పిచ్చివాడిలా బంతి వెనక పరుగెడతాడు, డిఫెండర్లు పెనాల్టీ బాక్స్ దగ్గర అతుక్కుపోయి ఉంటారు, మధ్యలో ఖాళీ.

ప్రాక్టీస్ ఎలాగంటే, పదకొండుమందిని నిలబెట్టండి, ప్రత్యర్థులు వద్దు. బంతి మీ చేతిలో పెట్టుకుని మీరే నడవండి. మీరు ఎడమకి వెళ్తే అందరూ కలిసి ఎడమకి జరగాలి, మీరు ఆగితే ఆగాలి. మధ్యలో ఉన్నట్టుండి విజిల్ ఊది అందరినీ ఉన్నచోటే ఆపి, పక్కవాడికి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారో వాళ్లనే కొలుచుకోమనండి. మొదటి రోజు నవ్వుకుంటారు, బోర్ అంటారు. మిలాన్ స్టార్లు కూడా సణిగారట, అప్పుడు సక్కి పందెం వేశాడు: గోల్‌కీపర్‌తో కలిపి పద్ధతిగా నిలబడే ఐదుగురు ఒకవైపు, ఇష్టమొచ్చినట్టు ఆడే పదిమంది ఒకవైపు, పదిహేను నిమిషాల టైమ్. గుల్లిట్, వాన్ బాస్టెన్ లాంటివాళ్లున్నా ఆ పదిమంది గోల్ కొట్టలేకపోయారు. ఇదే పందెం మీ వాళ్లతో వెయ్యండి, గంట ఉపన్యాసం కన్నా బాగా ఎక్కుతుంది.

దూరాలు కుదిరాక డిఫెండర్లకి ఒక్క రూల్ ఇవ్వండి. బంతి పట్టుకున్న ప్రత్యర్థి తలెత్తి ముందుకు చూస్తున్నాడా? లైన్, అంటే డిఫెండర్ల వరస, మొత్తం వెనక్కి జరగాలి. తల దించాడా, మనవైపు వీపు పెట్టాడా? లైన్ ముందుకు. హై లైన్ (డిఫెండర్ల వరస బాగా ముందుకు) ఆడించి నెత్తి మీంచి గోల్స్ తిన్న టీమ్‌లని గమనించండి, ఎక్కువసార్లు బంతి ఉన్నవాడి మీద ఒత్తిడి లేకపోయినా లైన్ పైనే ఉండిపోయి ఉంటుంది. సెంటర్ లైన్ దాటి అసలు వెళ్లొద్దు, తన సగంలో ఉన్న ప్రత్యర్థికి ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణంలో డిఫెండర్ల లైన్ దాటి ఉండకూడదనే రూల్) వర్తించదు కాబట్టి అక్కడ మీ లైన్‌కి అర్థమే లేదు.

ప్రెస్సింగ్ కూడా అంతే. ఎప్పుడు పడితే అప్పుడు మీద పడమంటే ఇరవై నిమిషాల్లో ఊపిరి అయిపోతుంది. ఒక్క సందర్భం ఎంచుకోండి. నేనైతే అవతలి సెంటర్ బ్యాక్ తన గోల్‌కీపర్‌కి వెనక్కి పాస్ ఇచ్చినప్పుడు అని మొదలుపెడతాను, ఎందుకంటే అది అందరికీ కనిపిస్తుంది, బంతి నెమ్మదిగా వెళ్తుంది, మన లైన్ మొత్తం పైకి రావడానికి టైమ్ ఉంటుంది. స్ట్రైకర్ ఒక్కడే వెళ్లి మిగతావాళ్లు చూస్తూ నిలబడితే వెళ్లకపోవడమే మేలు.

ఇక బంతితో

ఇది చదివేవాళ్లలో సగంమంది నేరుగా ఈ ముక్కకే వచ్చి ఉంటారు, తెలుసు. 2019లో రూల్ మారాక గోల్ కిక్‌ని బాక్స్ లోపలే మనవాడు అందుకోవచ్చు, అందుకే వెనక నుంచి చిన్న పాస్‌లతో ఆట పేర్చుకుంటూ రావడం అందరికీ ముద్దొస్తోంది. చెయ్యండి, కాకపోతే మొదట ఒకే ఒక్క దారి నేర్పండి, ఉదాహరణకి కీపర్ నుంచి సెంటర్ బ్యాక్, అక్కడ్నుంచి ఫుల్ బ్యాక్, దారి మూసుకుంటే స్ట్రైకర్‌కి లాంగ్ బాల్. లాంగ్ బాల్ కొట్టినవాడిని తిట్టకండి. ఆ తలుపు తెరిచి ఉందని తెలిస్తేనే వాడికి చిన్న పాస్ ఇచ్చే ధైర్యం వస్తుంది.

నోటితో చెప్పేదానికన్నా గ్రౌండ్‌తో చెప్పించండి. జర్మన్ కోచ్ తూహెల్ మైంజ్ క్లబ్‌లో ఉన్నప్పుడు ప్లేయర్లు గీత వెంబడే నేరుగా పాస్‌లు ఇస్తున్నారని ప్రాక్టీస్ గ్రౌండ్ మూలలు కోసేశాడు. మూల లేకపోయేసరికి బంతి ఐమూలగా లోపలికే వెళ్లాలి, వేరే దారి లేదు. రోజంతా "లోపలికి, లోపలికి" అని అరవక్కర్లేకుండా పని అయిపోయింది.

మొదటి తప్పు మాత్రం వచ్చే తీరుతుంది. కీపర్ పాస్ పోగొడతాడు, గోల్ పడుతుంది, జనం గోల చేస్తారు. ఆ రోజు రాకముందే టీమ్ మొత్తం ముందు చెప్పి ఉంచండి, ఇలా పడే గోల్ నా ఖాతాలో వేసుకుంటానని. తర్వాతి మ్యాచ్‌లో అదే కీపర్‌ని ఆడించండి. మాటిచ్చి వాడిని బెంచ్ మీద కూర్చోబెట్టారా, ఆ సీజన్‌లో ఇంకెవరూ చిన్న పాస్ ఇవ్వరు.

ఈలోగా పాయింట్లు కావాలిగా, కార్నర్లు, ఫ్రీ కిక్‌లు, త్రో ఇన్‌ల మీద వారానికి ఒక పూట పెట్టండి. ఆట తీరు కుదరడానికి నెలలు పడుతుంది, కార్నర్‌కి ఎవరు ఎక్కడికి పరుగెత్తాలో రెండు పూటల్లో వచ్చేస్తుంది.

మధ్యలో వచ్చే ఎదురుదెబ్బలు

షాబీ అలోన్సో 2022 అక్టోబర్‌లో జర్మనీ క్లబ్ లెవర్కూజెన్‌కి కోచ్‌గా వచ్చేటప్పటికి టీమ్ బుండెస్‌లీగాలో (జర్మనీ టాప్ లీగ్) కింది నుంచి రెండోది. మొదటి మ్యాచ్ షాల్కె మీద 4-0 గెలుపు, ఇక అంతా చక్కబడిందనుకున్నారు. వెంటనే పోర్టో చేతిలో 3-0, ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో 5-1. ఆ సీజన్ ఆరో స్థానం. మరుసటి సీజన్‌లో 34 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా టైటిల్. ఆ 5-1 రోజున మీరుంటే ఏం చేసేవాళ్లో ఒకసారి ఆలోచించుకోండి.

అందుకే మేనేజ్‌మెంట్‌తో మొదటి రోజే మాట్లాడుకోవాలి, స్కోరు కాకుండా ఇంకేం చూడాలో వాళ్లకి చెప్పాలి. నేను రెండే లెక్కపెడతాను: అవతలి సగంలో బంతి ఎన్నిసార్లు గుంజుకున్నాం, మన సగం మధ్యలో ఎన్నిసార్లు పోగొట్టుకున్నాం. ఓడినా ఈ రెండూ మెరుగవుతుంటే ఆగండి. ఆరేడు మ్యాచ్‌ల తర్వాత కూడా అదే చోట అదే తప్పు జరుగుతుంటే వాళ్లకి అర్థం కాలేదని కాదు, మీరు అడిగేది వాళ్ల కాళ్లకి అందటం లేదని. అప్పుడు పంతం వద్దు, లైన్ ఒక పది మీటర్లు కిందికి దించండి.

సీజన్ మధ్యలో వచ్చి మూడు రోజులకో మ్యాచ్ ఉంటే ప్రాక్టీస్‌కి టైమే ఉండదు, అలసట తీరడానికే సరిపోతుంది. అప్పుడు పరుగులు వద్దు, నడిపిస్తూ దూరాలు చూపించండి, ఐదు నిమిషాల వీడియో చాలు, అరగంట పెడితే వెనక వరస నిద్రపోతుంది.

ఇంటర్వెల్ విషయం ఒకటి మిగిలింది. ఉండేది పదిహేను నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు ఏం మాట్లాడకండి, నీళ్లు తాగనివ్వండి, ఒకళ్లనొకళ్లు అనుకునేవి అనుకోనివ్వండి, మీరు పక్కకెళ్లి అసిస్టెంట్‌తో మాట్లాడుకోండి. తర్వాత ఒక్క విషయం చెప్పండి, అదీ ఆ వారం ప్రాక్టీస్ చేసిందే అయ్యుండాలి. ఫస్ట్ హాఫ్‌లో స్టాండ్ పైనుంచి ఎవరితోనైనా ఫోన్‌లో ఒక ఫొటో తీయించి ఉంచితే ఇంకా మంచిది, స్ట్రైకర్‌కీ డిఫెండర్లకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూపించి గ్రౌండ్‌లోకి పంపెయ్యండి.