పాలు సరిపోతున్నాయా? బిడ్డ బరువు కార్డు చదివే పద్ధతి

నల్గొండ జిల్లాలో, సాగర్ ఎడమ కాలువ పారే ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌ని. బాలింత ఉన్న ఏ ఇంటికి వెళ్లినా మొదట వినిపించే మాట ఒకటే: "పాలు సాల్తలేవు టీచర్, పోరడు ఊకె ఏడుస్తుండు." అలా అన్న ఇళ్లలో చాలావాటిలో పాలు సరిపోతూనే ఉంటాయి. సరిపోతున్నాయని ఎలా తెలుసుకోవాలో తెలియక డబ్బా పాలు తెచ్చుకుంటారు.

నేనూ అదే చేశాను. ఈ ఉద్యోగంలో చేరకముందు మాట. మా పెద్దోడికి మూడో నెల. చూడటానికొచ్చిన చుట్టాలావిడ "పుల్లలెక్క ఉన్నడు, నీ పాలల్ల బలం లేదు" అంది. ఆ సాయంత్రమే డబ్బా తెప్పించాను. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము దగ్గర తక్కువ తాగాడు. వాడు తక్కువ తాగేసరికి నాకు పాలు తగ్గాయి. ఐదో నెలకల్లా పూర్తిగా ఆగిపోయాయి. కొన్నేళ్ల తర్వాత ట్రైనింగ్‌లో పిల్లల బరువు చార్టు గీయడం నేర్చుకుని, వాడి టీకాల కార్డు మీదున్న బరువులన్నీ దాని మీద చుక్కలు పెట్టి చూశాను. ప్రతి చుక్కా ఆకుపచ్చలోనే, అంటే బరువు సరిగ్గా ఉందని చెప్పే రంగులోనే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలాగా ఏ తల్లీ ఒకరి మాటకి భయపడి పాలు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను.

కాన్పైన గంటలోపే బిడ్డను రొమ్ముకి పట్టించండి. ఆపరేషన్ అయినా సరే, తల్లి తెలివిలో ఉంటే నర్సమ్మ సాయంతో పట్టించొచ్చు. ముర్రుపాలు చెంచాడే వస్తాయి, బిడ్డ బుజ్జి కడుపుకి అవే చాలు. తేనె నాకించడం, చక్కెర నీళ్లు పోయడం వద్దు. ఏడాది నిండేదాకా తేనె ప్రమాదం కూడా. మొదటి నాలుగైదు రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ రెండు వందల గ్రాములు తగ్గిందని ఇల్లంతా టెన్షన్ పడుతుంది, పడొద్దు. పదో వంతు కంటే ఎక్కువ తగ్గకూడదు. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి మళ్లీ రావాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా డాక్టర్‌కి చూపించాలి.

ఇంట్లో త్రాసు లేకపోయినా ఒక లెక్క ఉంది: పొత్తిగుడ్డలు. ఐదో రోజు దాటాక రాత్రీ పగలూ కలిపి ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ తడిపితే, ఆ మూత్రం తెల్లగా ఉంటే, పాలు అందుతున్నట్టే. ఏడుపుని బట్టి లెక్క వేయకండి. ఉక్కపోసినా ఏడుస్తుంది, ఎత్తుకోమనీ ఏడుస్తుంది.

ఇక పట్టించే తీరు. అన్నిటికంటే ఎక్కువ సమయం నేను దీని దగ్గరే కూర్చుంటాను. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. తల ఒక్కటే తిప్పి పట్టిస్తే మింగలేదు, మనమైనా మెడ పక్కకి తిప్పి నీళ్లు తాగలేం కదా. ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, నోరు ఆవలించినంత పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి లాక్కోండి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి తిరగాలి. మొదట గబగబా చప్పరిస్తుంది, పాలు చేపాక నిదానంగా లాగుతూ గుటకలు వేస్తుంది. ఆ గుటక శబ్దం వినండి. నొప్పి పుడుతుంటే ఓర్చుకోకండి. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. ఒక రొమ్ము పూర్తిగా తాగాకే రెండోది ఇవ్వండి, చివర్లో వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఇవ్వాలి, రాత్రి కూడా. ఇసుకలో తీసిన చెలమ తోడినకొద్దీ ఊరినట్టు, తాగినకొద్దీ పాలు పడతాయి.

ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా వద్దు. మే నెలలో మా దగ్గర ఎండ నలభై నాలుగు దాటుతుంది, "నాలుక ఎండుతది బిడ్డా" అని అవ్వలు బతిమాలతారు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే అవ్వా, దప్పికైతే ఇంకోసారి పాలు తాగుతాడు అని చెప్తాను. వసకొమ్ము, ఆముదం, గ్రైప్ వాటర్ కూడా వద్దు. అలాగని ఉగ్గుగిన్నెను అటక మీద పడేయక్కర్లేదు. తక్కువ బరువుతో పుట్టి చీకలేని బిడ్డకు తల్లిపాలు పిండి, మరిగించిన ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టిస్తే సీసా అవసరమే రాదు. డాక్టర్ చెప్పి డబ్బా పాలు ఇవ్వాల్సి వస్తే అందులో తప్పేమీ లేదు. కొలత మాత్రం డబ్బా మీద రాసినట్టే ఉండాలి. పొదుపుకని పలచగా కలిపితే బిడ్డ చిక్కిపోతుంది. సీసాలో మిగిలిందని బలవంతంగా తాగిస్తే కడుపు నిండిన సంగతి బిడ్డ మరిచిపోతుంది.

ఇప్పుడు తూకం. మా సెంటర్లో ఒకసారి ఒక పాపకి నెలలో 150 గ్రాములే పెరిగినట్టు వచ్చింది. వాళ్ల అత్తమ్మ అక్కడే కోడలి మీద అరిచింది. నాకు అనుమానమొచ్చి పాప కాళ్లు చూశాను. పోయిన నెల ఉన్న వెండి కడియాలు ఈసారి లేవు. ఇంటి నుంచి తెప్పించి కడియాలు మాత్రమే తూస్తే 120 గ్రాములు! అంటే పాప నిజానికి 270 గ్రాములు పెరిగింది. ఆ నెల తేడా కడియాలది, తల్లి పాలది కాదు. అందుకే కడియాలు, మొలతాడు, బట్టలు అన్నీ తీసి, త్రాసు సున్నా మీద ఉందో లేదో చూసి తూయాలి. నలుగురిలో తూస్తే దిష్టి తగులుతుందని జంకే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటివాళ్లకు తలుపు దగ్గరికి వేసి తూస్తాను, ఏ నెలా తప్పనివ్వను.

బరువు కార్డులోని చార్టు మీద ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగులుంటాయి. ఆకుపచ్చ అంటే బరువు సరిగ్గా ఉన్నట్టు, పసుపు అంటే తక్కువ, నారింజ అంటే బాగా తక్కువ. ఆడపిల్లకు, మగపిల్లాడికి చార్టులు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో తెచ్చిన ప్రమాణాలివి. మన దేశంతో కలిపి ఆరు దేశాల్లో తల్లిపాలు తాగిన పిల్లల్ని తూచి తయారు చేశారు. దాని ప్రకారం మగపిల్లాడి మధ్యస్థ బరువు (సగం మంది పిల్లలు దీనికి పైన, సగం మంది కింద ఉంటారు) పుట్టినప్పుడు 3.3 కిలోలు, నెలకు 4.5, మూడు నెలలకు 6.4, ఆరు నెలలకు 7.9. ఆడపిల్లకు ఆరు నెలలకు 7.3. జాగ్రత్తగా చూడండి: మొదటి నెలలో కిలో పైన పెరిగిన పిల్లాడు ఆరో నెలలో 400 గ్రాములే పెరుగుతాడు. అది సహజం. సరిగ్గా పెరుగుదల ఇలా నెమ్మదించే నాలుగు, ఐదు నెలల్లోనే "పాలు తగ్గినయ్" అని డబ్బా ఇంట్లోకి వస్తుంది. మీ బిడ్డ చుక్క ఈ మధ్యస్థ బరువుకి కింద ఉన్నా, చుక్కలన్నీ కలిపితే పైకి అదే దారిలో పోతుంటే చాలు. గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా అప్పుడు ఆలోచించాలి.

ఆరు నెలలు నిండాక పాలు ఆపకుండా తిండి మొదలుపెట్టాలి. చెంచా వంచితే జారిపోని అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, చెంచాడు నెయ్యి. పలచటి గంజి కడుపు నింపుతుంది కానీ బరువు పెంచదు. సెంటర్లో ఇచ్చే బాలామృతం పొడి మీ బిడ్డ కోసం, ఇంట్లో అందరికీ జావ కాయడానికి కాదు. బిడ్డ మొహం తిప్పుకుంటే ఆపేయండి. ఫోన్ చూపించి కుక్కకండి. రెండేళ్లదాకా, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వొచ్చు.

బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం అనుకోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పాలు మాత్రమే తాగే నాలుగు నెలల బిడ్డ తొడలు మడతలు పడితే దాని గురించి దిగులొద్దు. రెండున్నరేళ్ల పిల్లాడు రోజుకి నాలుగు సీసాల చక్కెర పాలు, టీలో బిస్కెట్లు, పది రూపాయల ప్యాకెట్లతో బొద్దుగా ఉంటే మాత్రం దిగులు పడాలి. బరువు ఎక్కువో కాదో ఎత్తుతో కలిపి చూస్తేనే తెలుస్తుంది, కాబట్టి మా దగ్గర ఎత్తు కూడా కొలిపించుకోండి. ఎక్కువైతే అన్నం తగ్గించకండి. సీసా, చక్కెర, ప్యాకెట్లు మానిపించి వాకిట్లో ఆడనివ్వండి.

చంటిబిడ్డ పాలకు లేవకుండా మత్తుగా పడుకున్నా, చీకడం మానేసినా, మూత్రం తగ్గినా, ఒళ్లు జ్వరంతో కాలుతున్నా తూకం రోజు కోసం ఆగొద్దు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.